చాలు అనని అతిథి

కొండదారికి కాపలా ఉన్న అగ్నికుక్కుటాలు రెండూ ఒకేసారి దూకాయి. ఒక్కొక్కటి గున్న ఏనుగంత ఉంది. నెత్తిన జుట్లు భగభగ మండుతున్నాయి, ముక్కుల్లోంచి పొగ చిమ్ముతోంది, కాలిగోళ్ళు కొడవళ్ళలా వంకర తిరిగి ఉన్నాయి. వర్ధిష్ణుపుర యువరాజు కేయూరుడు వేసుకున్నది బైరాగి వేషమే గాని, అతని చేతిలోని యోగదండం ఉత్త కర్ర కాదు. పిడి తిప్పగానే లోపలినుంచి సన్నటి కత్తి బయటికొచ్చింది. మొదటి కోడి మెడ వంచి పొడవబోయేసరికి పక్కకు తప్పుకుని దాని జుట్టు కోసేశాడు. జుట్టుతోపాటు మంటా ఆరిపోయింది. మంట ఆరాక అదీ కోడే గదా, కొక్కొరొకో అంటూ బండల చాటుకు పరుగెత్తింది. రెండోది మాత్రం అతని పై వస్త్రం ముక్కున కరుచుకుని కొండ అంచుదాకా ఈడ్చుకుపోయింది. ఇక లాభం లేదని కేయూరుడు ఆ గుడ్డను దానికే వదిలేసి, కళ్ళు గట్టిగా మూసుకుని, లోయలోకి దూకేశాడు.

అదృష్టం కొద్దీ కింద ఏరుంది. మునిగి, తేలి, ఇంత నీరు తాగి, ఒడ్డుకు చేరి చూస్తే కళ్ళు చెదిరాయి. అతను వెతుక్కుంటూ వచ్చిన నెమలిలోయ అదే. కొండల నడుమ పచ్చని మడులు మెట్లు మెట్లుగా దిగుతున్నాయి. మడుల గట్ల మీద కందిమొక్కలు పసుపు పూలతో ఊగుతున్నాయి. ఏటి మీద తెల్లని కొంగలు తీరుబడిగా నడుస్తున్నాయి. దూరంగా ఒక జలపాతం, దాని మీద సగం విరిగిన ఇంద్రధనుస్సు, దాని కింద గడ్డి కప్పుల ఇళ్ళు. కోటలు లేవు, బురుజులు లేవు. కేయూరుడు మెడలోని రుద్రాక్షమాల నుంచి ఒక పూస తెంపి ఇసుకలో వేశాడు. దారి పొడుగునా మలుపు మలుపుకీ అలాగే వేస్తూ వచ్చాడు. "తిరుగుదారి తప్పకుండా ఉంటుంది నాయనా" అని ఆ మాలను మెడలో వేసినవాడు మాంత్రికుడు కుంభజిహ్వుడు.

యువరాజు ఈ అవస్థలన్నీ ఎందుకు పడుతున్నాడో చెప్పాలంటే కథ కాస్త వెనక్కి నడవాలి.

వర్ధిష్ణుపురం కోట మామూలు కోట కాదు, పెరిగే కోట. కేయూరుడి ముత్తాతకు కుంభజిహ్వుడిచ్చిన వరం అది. ముత్తాత పోయాడు, తాత పోయాడు, మాంత్రికుడు మాత్రం అలాగే ఉన్నాడు. ఏటేటా కోట మీద ఒక కొత్త అంతస్తు దానంతటదే లేచేది. స్ఫటికపు స్తంభాలు, పగడాల గుమ్మాలు, ముత్యాల తోరణాలు, వెన్నెల పడితే పాలనురుగులా మెరిసే చంద్రకాంతపు నేల. జనమంతా ఆ కోటలోనే కాపురం. అయితే లేవడానికి దానికి మేత కావాలి. మొదట చుట్టూ ఉన్న అడవిని మేసింది. తరవాత కొండల్ని, ఆ తరవాత ఏరుల్ని మేసింది. ఇప్పుడు కోట చుట్టూ కంటికి ఆనినంత మేరా ఇసుకే. "మేత ఆగితే ఎదుగుదల ఆగుతుంది. ఎదుగుదల ఆగిన నాడు కోట మీ అందరి నెత్తినా కూలుతుంది" అని కుంభజిహ్వుడు ఏనాడో చెప్పి ఉంచాడు.

అందుకే ఆ రాజ్యంలో 'చాలు' అనే మాట నిషిద్ధం. పంక్తిలో కూర్చున్నవాడు వడ్డించినదల్లా తిని 'ఇంకా' అనాలి. ఎదుట వేసిన విస్తరిని దాటిపోవడం రాజుకైనా నేరమే. కేయూరుడు పసివాడుగా ఉన్నప్పుడు పాలగిన్నె తోసేసి, ఎక్కడ విన్నాడో ఏమో, ఆ మాట అనేశాడట. నేర్పింది నువ్వేనని దాదిని ఆ సాయంత్రమే ఇసుకలోకి తరిమేశారు. తరవాత అతని నాలుక ఆ మాట జోలికి పోలేదు.

ఇక కోటకు మిగిలిన మేత ఒక్కటే. నెమలిలోయ ఏరు పుట్టే గుహలో ఉన్న అక్షయమణి. రాబోయే అమావాస్యలోగా దాన్ని తెచ్చి పునాదిలో వేయకపోతే కోట కూలుతుంది. అన్నిటికన్నా పై అంతస్తులో కేయూరుడి తల్లి ఉంది. ఆవిడ పడకగది గోడకు అప్పుడే పగులు పట్టింది. అందుకే యువరాజు బూడిద పూసుకుని బయలుదేరాడు.

ప్రస్తుతానికి మాత్రం అతనికి మణి కన్నా ముందు అన్నం గుర్తుకొచ్చింది. బైరాగి వేషం ఒంటికే గాని కడుపుకు లేదు గదా. ఊళ్ళోకి నడిచి, మొదటి ఇంటి ముందు నిలబడి "భవతీ భిక్షాం దేహి" అన్నాడు.

తలుపు తీసిన ముసలావిడ పేరు పైడమ్మ. పొట్టి మనిషి, నుదుట కాసంత బొట్టు. ఏట్లో బూడిదంతా కడుక్కుపోయి చారలు చారలుగా మిగిలిన బైరాగిని చూసి ఆవిడ నవ్వలేదు.

"తడిసిపోనావు సామీ. రా, లోపలికొచ్చి కూకో" అని అడ్డాకుల విస్తరి వేసింది.

సామబియ్యం అన్నం, గుమ్మడి పులుసు, కందిపచ్చడి. పైడమ్మ గరిటె ఎత్తి అతని ముఖంలోకి చూసింది. అతనేమీ అనలేదు, ఆవిడ వడ్డించింది. తిన్నాడు. మళ్ళీ గరిటె ఎత్తి ముఖంలోకి చూసింది. ఆ చూపు ఎందుకో కేయూరుడికి తెలియలేదు. "ఇంకా" అన్నాడు మర్యాదగా. ఆవిడ ఆ మర్యాదకు కొంచెం తెల్లబోయి, మళ్ళీ వడ్డించింది. ఇలా కుండ ఖాళీ అయింది. పైడమ్మ పక్కింటికి వెళ్ళి వాళ్ళ కుండ తెచ్చింది. అదీ అయింది. ఆ పక్కింటి కుండ వచ్చింది. గుమ్మం దగ్గర జనం పోగయ్యారు. తన తిండి చూసి వీళ్ళంతా ముచ్చటపడుతున్నారనుకున్నాడు యువరాజు. కోటలో పెద్ద పెద్ద పంక్తులు ముగించిన కడుపు అది, అంత తేలిగ్గా ఓడిపోతుందా? చివర్న లోపలి గదిలోంచి ఒక చిన్న గిన్నె వచ్చింది. పాతబియ్యం అన్నం, వెల్లుల్లి కారం. అది మరీ రుచిగా ఉందని మెచ్చుకుని మరీ తిన్నాడు. ఇక తేవడానికి ఏ ఇంట్లోనూ ఏమీ లేకపోయాకగాని వడ్డన ఆగలేదు.

అరుగు మీద నడుం వాల్చి మంచి కునుకు తీశాడు. లేచేసరికి లోపల పసిబిడ్డ ఏడుస్తోంది. ఎంతకీ ఊరుకోవడం లేదు. ఊరంతా ఒక్క పొయ్యీ వెలగలేదు. అరుగు చివర అప్పన్న అనే పక్కింటి రైతు కూర్చుని ఉన్నాడు.

"సామీ, ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోవు గదా" అన్నాడు అప్పన్న.

"అడుగు."

"నీకు సాలు అనడం రాదేటి?"

కేయూరుడు ఉలిక్కిపడి చుట్టూ చూశాడు. భటులెవరూ లేరు.

"మా కాడ అతిథి సాలు అన్నదాకా గరిటె దించకూడదు" అన్నాడు అప్పన్న, చిన్నపిల్లలకు చెప్పినట్టు. "కుండైపోతే పక్కింటి కుండ. అదైపోతే ఆ పక్కది. మా తాతల కాడ్నించీ ఉంది ఈ మాట. ఇంతవరకూ రెండో కుండ తేవలసిన పని ఎవులికీ పడలేదు."

"మరి మీరేం తింటారు?"

"రేపు వొండుకుంటాం. గాదె పొద్దుట ఒక్కసారే తీస్తాం, ఆ పూటకి గావలసింది తీసి మూసేస్తాం. మళ్ళీ తియ్యడం అన్నది నేదు. పెద్దోల్లం ఒక పూట ఉండగలం. ఆ నరసమ్మే, పచ్చి బాలింత."

ఆ చిన్న గిన్నె ఎవరిదో అప్పుడు అర్థమైంది కేయూరుడికి. తలుపు సందులోంచి చూశాడు. పైడమ్మ కోడలు నరసమ్మ గోడకు జారబడి, చెంబెడు మంచినీళ్ళు గుక్క తిప్పుకోకుండా తాగుతోంది. ఒళ్ళో బిడ్డ పాలు రాక ఏడుస్తోంది. అతనికి సిగ్గుతో చెవులు కాలిపోయాయి. కత్తికి ఎదురు నిలవగలడు, ఆ గదిలోకి మాత్రం మరోసారి చూడలేకపోయాడు.

అక్కడితో అయిపోయినా బాగుండేది. సాయంత్రం పైడమ్మ ఒక మూట తెచ్చి అతని తల దగ్గర పెట్టింది. లోపల అటుకులు, ఎండబెట్టిన చిలగడదుంపలు, బెల్లం. ఊరంతా తలా కాస్తా వేసింది.

"ఏ దేశం బాబూ మీది?" అంది. సామీ అనడం మానేసి బాబూ అంది. "అంత ఆకలి ఏడ నేర్చుకున్నావో గాని, సూస్తే కడుపు తరుక్కుపోయింది. మీ వోల్లకి తిండి నేదేటి? ఇది వోల్లకి పట్టుకెళ్ళు."

పగడాల గుమ్మాల కోటకు యువరాజైనవాడు తల వంచుకున్నాడు. ఏదో ఒక అబద్ధం చెప్పి తప్పించుకుందామని "లేదమ్మా, మావాళ్ళకి ఎంత తిన్నా చాలదు" అన్నాడు. అనేశాక, అది అబద్ధం కాదని తెలిసింది. ఇంకా సిగ్గేసింది.

సిగ్గేసినా, తల్లి గది గోడమీద పగులు కళ్ళముందు కదులుతోంది. కోడికూత వేళకి మూట అక్కడే వదిలి, దొంగలా ఊరు దాటి, జలపాతం వెనక దూరాడు.

లోపల గుహ నీలపురాళ్ళతో మిలమిల మెరుస్తోంది. పైనుంచి వేలాడే స్ఫటికాల్లో ఉదయకాంతి ముక్కలు ముక్కలై ఆడుతోంది. నడుమ ఒక మడుగు, మడుగు అడుగున చందమామ ముక్కలాంటి మణి. ఒడ్డున ఒక యక్షిణి నీళ్ళ కూజాలాంటి బంగారు భృంగారం పట్టుకుని కూర్చుని ఉంది. ఆమె చుట్టూ మనిషెత్తు రాతిబొమ్మలున్నాయి. అన్నీ దోసిళ్ళు పట్టి, నోళ్ళు తెరిచి ఉన్నాయి.

"ఏం కావాలి మానవా?" అంది యక్షిణి.

"అక్షయమణి."

"ముందు దాహం తీర్చుకో. నీళ్ళు పోయకుండా ఇక్కడ ఎవరికీ ఏదీ ఇవ్వను. దోసిలి పట్టు."

పట్టాడు. నీళ్ళు చల్లగా, తేనెలా ఉన్నాయి. తాగాడు. ఆమె ఇంకా పోస్తోంది. దోసిలి నిండి పొర్లింది, మడుగు నిండి పొర్లింది, నీళ్ళు మోకాళ్ళకు వచ్చాయి. దోసిలి వెనక్కి తీసుకుందామంటే చేతులు కదలవు. నీళ్ళు నడుం దాటాయి. పాదాలు బరువెక్కి బిగుసుకుపోతున్నాయి. కిందికి చూస్తే కాలివేళ్ళు అప్పటికే రాయి. పక్కనున్న రాతిబొమ్మ చెవికి మకరకుండలం కనబడింది. తమ వంశంవాళ్ళు తప్ప ఎవరూ పెట్టుకోరాదది. ముఖం పోల్చుకున్నాడు. ఇదే మణి కోసం బయలుదేరి ఆచూకీ లేకుండా పోయిన పినతండ్రి.

నీళ్ళు గడ్డానికి అందాయి. ఏం అనాలో కేయూరుడికి తెలుసు. నిన్న అప్పన్న నోటే విన్నాడు. కాని నాలుక తిరగడం లేదు. ఇసుకలో నడిచిపోతున్న దాది వీపు గుర్తుకొచ్చింది. 'ఇంకా' అనే మాటే పెదవుల దాకా వచ్చి నిలబడింది. అది అంటే ప్రాణం పోతుంది. ఆ క్షణాన నరసమ్మ ఎత్తిన చెంబు కనబడింది. ఆకలికి నీళ్ళు తాగిన ఆ గొంతు కనబడింది. ఆమె అన్నం తిని బాగుందని మెచ్చుకున్న తన నోరు కనబడింది. చచ్చిపోవాలన్నంత సిగ్గు ముంచుకొచ్చింది. ఆ సిగ్గు తోసిన తోపుకే మాట బయటపడింది.

"చాలు."

భృంగారం ఆగింది. నీళ్ళు వచ్చినంత వేగంగానే వెనక్కి తీశాయి. కాలివేళ్ళు మళ్ళీ వేళ్ళయ్యాయి.

"మీ వంశంలో ఆ మాట అన్నవాడివి నువ్వొక్కడివే" అంది యక్షిణి. "మణి నీ ఎదుటే ఉంది, తీసుకో. తీసుకుంటే ఈ ఏరు మణి వెంట వస్తుంది. లోయలో రేపటికి తడి ఉండదు."

చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది మణి. కేయూరుడు చెయ్యి చాపలేదు.

"తీసుకోకపోతే కోట కూలి నా తల్లి చచ్చిపోతుంది. జనమంతా చచ్చిపోతారు. ఎదగడం ఆగితే కూలుతుందన్నాడు కుంభజిహ్వుడు."

"ఎప్పుడైనా ఆపి చూశారా?"

లేదు. ముత్తాత చూడలేదు, తాత చూడలేదు, ఎవరూ చూడలేదు. అడగాలని కూడా తోచలేదు.

"ఎదగడం ఆగితే కూలదు. ఎదిగి ఎదిగి కూలుతుంది" అంది యక్షిణి. "పై అంతస్తు నుంచి ఒక్కొక్క రాయీ దింపుకుంటూ రండి. నేలకు దగ్గరగా వచ్చేకొద్దీ నిలబడుతుంది. మాంత్రికుడి ఆయుష్షు మాత్రం నిలబడదు. కోట తిన్నదాంట్లో అతని వాటా అతనికి ముడుతూ వచ్చింది. మీ రాజు తన నోటితో ఆ మాట అన్న రోజు వరం విరిగిపోతుంది. అనిపించడం నీ వంతు."

ఉత్త చేతులతో పరుగున తిరిగొచ్చాడు కేయూరుడు. పైడమ్మ వాకిట్లో కుండ దించుతోంది. అతను ఆవిడ కాళ్ళ ముందు కూలబడి, బైరాగినన్నది అబద్ధమనీ, దొంగతనానికి వచ్చాననీ, బాలింత అన్నం తిన్నాననీ అన్నీ చెప్పేశాడు. చెబుతున్నంతసేపూ తల ఎత్తలేదు.

"సెప్పేసినావు గదా. ఇంద, పొద్దుట్నించీ ఏటీ తిన్లేదు" అని ఆవిడ విస్తరి వేసి గరిటె ఎత్తింది. ముఖంలోకి చూసింది.

ఒక్క గరిటె పడగానే "చాలమ్మా" అన్నాడు. అన్నాక ఏడ్చేశాడు. ఆవిడ గరిటె దించి, చెంగుతో అతని ముఖం తుడిచింది.

అప్పుడు కొండల మీద నగారా మోగింది.

కేయూరుడు లేచి చూశాడు. తాను పూస వేసిన ప్రతి మలుపులోనూ ఒక ఎర్రని ముళ్ళచెట్టు మొలిచి ఉంది. తిరుగుదారి కోసమని మాంత్రికుడు అన్నది నిజమే, కాని ఆ దారి కేయూరుడి కోసం కాదు. ఆ చెట్ల వరస వెంబడి వర్ధిష్ణుపుర సైన్యం లోయలోకి దిగుతోంది. మేతకు ఒక్క మణి ఏం చాలుతుంది? లోయంతా కావాలి. ముందు ఏనుగు మీద తండ్రి మహోదగ్రుడు, వెనక ఏనుగు మీద పసుపు కళ్ళ కుంభజిహ్వుడు. వాళ్ళకు దారి వేసింది తానే.

"శానామందున్నారు" అంది పైడమ్మ, చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తూ. "ఎవులు బాబూ?"

"మావాళ్ళేనమ్మా. మిమ్మల్ని దోచుకోడానికి వస్తున్నారు."

"ఆకలితోనే గదా వొస్తన్నారు?"

"ఆకలితోనే" అన్నాడు కేయూరుడు.

పైడమ్మ కుండ చంకకెత్తుకోబోయింది. కేయూరుడు దాన్ని అందుకుని తన నెత్తిన పెట్టుకున్నాడు. కత్తి ఉన్న యోగదండం అరుగు మీదే వదిలేశాడు. విస్తరి ఒకటి, గరిటె ఒకటి పట్టుకున్నాడు.

"అడుగున ఉండే గరిటెడూ నరసమ్మది" అని మెల్లగా చెప్పింది పైడమ్మ. "అయినా అడిగితే పెట్టేయాల. మా పద్ధతి అది."

ఏనుగులు ఏరు దాటుతుండగా కేయూరుడు ఎదురెళ్ళి, దారి నడుమ విస్తరి పరిచి, నీళ్ళు చిలకరించాడు. నగారా ఆగింది. ముందున్న ఏనుగు ఆగింది. ఎదుట వేసిన విస్తరిని దాటకూడదన్నది ఆ సైన్యంలో ప్రతివాడికీ ఉగ్గుపాలతో పోసిన శాసనం.

"మణి ఏది?" అన్నాడు మహోదగ్రుడు.

"ముందు భోజనం చేయండి నాన్నగారూ."

కొడుకు ఒంటి మీది బూడిదనూ, నెత్తి మీది మట్టికుండనూ చూసి రాజు మొహం చిట్లించాడు. కాని శాసనం తన తాత చేసింది. దిగి వచ్చి, మట్టిలో మఠం వేసుకుని కూర్చున్నాడు. కేయూరుడు వడ్డించాడు. రాజు తిన్నాడు. "ఇంకా" అన్నాడు. వడ్డించాడు. "ఇంకా." ఊరి జనం ఇళ్ళ ముందు నిలబడి చూస్తున్నారు. నరసమ్మ బిడ్డను ఎత్తుకుని గుమ్మంలోకి వచ్చింది. నిన్న తానెలా కనబడ్డాడో కేయూరుడు ఇప్పుడు కళ్ళారా చూస్తున్నాడు. తండ్రి నోట్లోకి పోయే ప్రతి ముద్దా అతని తలను మరింత కిందికి వంచుతోంది.

గరిటె కుండ అడుగును గీకింది. ఇంక మిగిలింది ఆ ఒక్కటే. కేయూరుడు దాన్ని పైకెత్తి, పైడమ్మ చూసినట్టే, తండ్రి ముఖంలోకి చూశాడు.

"ఇది ఒక బాలింతది. నిన్న నేను తినేశాను" అన్నాడు. "ఎంతవరకు పెట్టమంటారో మీరే చెప్పాలి."

మహోదగ్రుడి చూపు గరిటె మీద నుంచి గుమ్మంలో ఉన్న నరసమ్మ మీదికి పోయింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. వెనక ఏనుగు మీద కుంభజిహ్వుడు చప్పున లేచి నిలబడి, మంత్రదండం ఎత్తి కేయూరుడి గుండెకు గురిపెట్టాడు.

రాజు నోరు తెరిచాడు.